బొమ్మ ఎథెన్స్‌ది, టోపీ పర్షియాది, పేరు లిసియాది: ఒక పాత వెండి నాణెం చిక్కుముడి

చేతిలో ఒక వెండి నాణెం ఉందనుకోండి. మన పది రూపాయల బిళ్ల కన్నా కాస్త బరువు, వెడల్పులో మాత్రం దానికన్నా చిన్నది, మందంగా ఉంటుంది. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ తల. గ్రీకు నాణేలు నాలుగు చూసినవాళ్లెవరైనా ఇది ఎథీనా దేవత అని చెప్పేస్తారు. తిప్పి చూస్తే గడ్డం ఉన్న మగమనిషి. నెత్తిన మెత్తటి గుడ్డ టోపీ, దాని అంచులు చెవుల పక్కనుంచి మెడ మీదికి దిగివచ్చాయి. అది పర్షియా దొరలు పెట్టుకునే టోపీ. పక్కన ఉన్న అక్షరాలు గ్రీకు అక్షరాల్లాగే కనిపిస్తాయి, కానీ గ్రీకు వచ్చినవాళ్లు చదవబోతే నోరు తిరగదు. ఎందుకంటే ఆ భాష గ్రీకు కాదు, పర్షియనూ కాదు. ఆ మనిషి పేరు ఖెరెయి. కాలం క్రీ.పూ. 5వ శతాబ్దం చివరి రోజులు. ప్రాంతం ఇప్పటి టర్కీకి నైరుతి మూలన ఉన్న లిసియా.

ఆ రోజుల్లో లిసియా పర్షియా సామ్రాజ్యంలో భాగం. పైన చక్రవర్తి ఉన్నాడు, ఆయన కింద సత్రప్ అనే పేరుతో రాష్ట్రాధిపతి ఉన్నాడు. మరి ఒక మూల లోయలో ఉండే చిన్న దొర తన పేరుతో, తన ముఖంతో నాణెం కొట్టించుకుంటే పైవాళ్లు ఊరుకున్నారా? ఊరుకున్నారు. ఒకరిద్దరి విషయంలో కాదు, దాదాపు 150 ఏళ్ల పాటు, ఇరవైకి పైగా దొరల విషయంలో ఊరుకున్నారు. ఎందుకన్నదే ఇక్కడి చిక్కు.

ముందు మనకెందుకు ఇది వింతగా అనిపిస్తుందో చూద్దాం. మనం చదువుకున్న చరిత్రలో నాణెం అంటే రాజ్యాధికారం. గౌతమీపుత్ర శాతకర్ణి నహపానుణ్ణి ఓడించాక ఏం చేశాడో గుర్తుందా? 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో దొరికిన వెండి నాణేల కుప్పలో 9 వేలకు పైగా నహపానుడి నాణేల మీద శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. ఓడినవాడి ముఖం మీదే గెలిచినవాడి గుర్తు పడింది. ఇలాంటివి చూసి మనం ఒక లెక్క వేసుకున్నాం: నాణెం మీద ఎవరి పేరుంటే నేల వాడిది. ఇంకో తమాషా ఏమిటంటే ఆ నహపానుడి బిరుదు ‘క్షత్రప’. అది పాత పర్షియన్ మాట నుంచి వచ్చిందే. లిసియా దొరల నెత్తిన కూర్చున్న ‘సత్రప్’ కూడా అదే మాట, గ్రీకుల నోట అలా అరిగింది. మాట ఒకటే అయినా, నాణేల విషయంలో పర్షియా లెక్క వేరు.

లిసియా మ్యాప్ చూస్తే సగం కథ అర్థమైపోతుంది. ఫెతియె, అంతాల్యా పట్టణాల మధ్య సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండల నేల అది. టారస్ పర్వతాలు నేరుగా నీళ్ల దాకా దిగుతాయి. మధ్యమధ్య లోయలు, లోయకో ఏరు, ఏటి పక్కన ఒక కోట ఊరు. వీటిలో పెద్దది క్సాంథోస్ నది లోయ, అందులోనే క్సాంథోస్ పట్టణం. ఆ ఊళ్లవాళ్లు దాన్ని అర్న్న అనేవారు. లిసియా అన్న పేరు కూడా బయటివాళ్లు పెట్టిందే, వాళ్లు తమను తాము త్రమ్మిలి అని చెప్పుకున్నారు. గ్రీకులు దాన్నే టెర్మిలే అని విన్నారు. వాళ్ల భాష గ్రీకుకు దగ్గరి చుట్టం కాదు, పాత అనటోలియాలోని లూవియన్, హిట్టైట్ భాషల కుటుంబానిది. లిపి మాత్రం గ్రీకుల దగ్గర తీసుకుని, ముక్కుతో పలికే అచ్చులకూ ఇంకొన్ని ధ్వనులకూ కొత్త అక్షరాలు చేర్చుకున్నారు. అందుకే ఆ నాణెం మీది రాత తెలిసినట్టే ఉండి తెలియకుండా పోతుంది.

పర్షియా ఈ కొండల్లోకి క్రీ.పూ. 540 ప్రాంతంలో వచ్చింది. పర్షియా చక్రవర్తి సైరస్ సేనాని హర్పగస్ క్సాంథోస్ మీదికి దండెత్తాడు. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పిన కథ ప్రకారం క్సాంథోస్ మగవాళ్లు మైదానంలో ఓడి, కోటలోకి వెనక్కి తగ్గి, భార్యాబిడ్డలనూ బానిసలనూ ఆస్తినీ కోటలోనే పోగేసి నిప్పు పెట్టారు. తర్వాత ప్రమాణం చేసి బయటికొచ్చి చివరివాడి దాకా పోరాడి చచ్చారు. ఆ రోజు ఊళ్లో లేని 80 కుటుంబాలే మిగిలాయట. ఇదే హెరోడోటస్ లిసియన్లు తల్లి పేరుతో వంశం చెప్పుకుంటారని కూడా రాశాడు. వాళ్ల సొంత శాసనాల్లోనేమో ‘ఫలానావాడి కొడుకు’ అని తండ్రుల పేర్లు కనిపిస్తాయి. కాబట్టి ఆయన చెప్పిన ప్రతి మాటనూ కళ్లకద్దుకోనక్కర్లేదు. కానీ ఒక్కటి నిజం. క్సాంథోస్ ఆ తర్వాత మళ్లీ లేచింది, లేచాక అక్కడ సొంత దొరలే కూర్చున్నారు.

పర్షియాకు లిసియా నుంచి కావలసింది రెండు. ఒకటి కప్పం. తర్వాతి చక్రవర్తి డేరియస్ రాజ్యాన్ని విభాగాలుగా పంచినప్పుడు అయోనియన్లు, ఏషియా మాగ్నీషియన్లు, ఏయోలియన్లు, కేరియన్లు, లిసియన్లు, మిల్యన్లు, పాంఫిలియన్లు అందరినీ ఒకే విభాగంలో చేర్చి, కలిపి 400 టాలెంట్ల వెండి కట్టమన్నాడు (టాలెంట్ అంటే అప్పటి పెద్ద తూకం). రెండోది ఓడలు. క్రీ.పూ. 480లో డేరియస్ కొడుకు జెర్క్సీస్ గ్రీసు మీదికి వెళ్లినప్పుడు లిసియా 50 ఓడలు పంపింది. ఓడకు 200 మంది చొప్పున చూస్తే పదివేల మంది. భుజాన మేకతోలు, తల మీద చుట్టూ ఈకలున్న టోపీ, చేతిలో కొడవలి కత్తి. ఇదీ హెరోడోటస్ వర్ణించిన లిసియా నావికుడి వేషం.

ఈ రెండూ సమయానికి అందితే చాలు, లోయల్లో ఎవరు ఏ బొమ్మతో నాణెం కొట్టుకుంటున్నారన్నది చక్రవర్తికి పట్టలేదు. చక్రవర్తి తన పేరుతో అట్టే పెట్టుకున్నది బంగారం. విల్లు పట్టిన రాజు బొమ్మతో 8.4 గ్రాముల డారిక్ ఆయనది. అదే బొమ్మతో సిగ్లోస్ అనే వెండి నాణెం కూడా ఉంది, ఐదున్నర గ్రాముల లోపు. అయితే అది కూడా ఎక్కువగా పశ్చిమ అనటోలియాలోనే తిరిగింది. సామ్రాజ్యం మొత్తానికి ఒకే నాణెం అన్న ఆలోచనే పర్షియాకు లేదు. ఖజానాలో వెండి తూకానికే విలువ. కప్పంగా వచ్చిన లోహాన్ని కరిగించి మట్టి కూజాల్లో పోసి, గడ్డకట్టాక కూజా పగలగొట్టి దాచేవారని హెరోడోటస్ అంటాడు. అలా కరిగించేసేవాడికి నాణెం మీది ముఖంతో పనేముంది?

దీనికి ఎదురు ఉదాహరణగా చాలామంది ఈజిప్టు సత్రప్ ఆర్యాండెస్ కథ తెస్తారు. డేరియస్ మేలిమి బంగారంతో నాణెం కొట్టించాడని విని, ఈయన అంత మేలిమి వెండితో కొట్టించాడు. ఆ తర్వాత డేరియస్ అతణ్ణి చంపించాడు. అంటే నాణెం కొట్టడమే నేరమా? కథ జాగ్రత్తగా చదివితే అలా లేదు. రాజుతో పోటీ పడి తనకో జ్ఞాపకచిహ్నం నిలుపుకోవాలన్న ఆశే అతని కొంప ముంచింది, మోపిన అభియోగం కూడా తిరుగుబాటు. లిసియా దొర ఎప్పుడూ చక్రవర్తితో పోటీకి పోలేదు. బంగారం జోలికి వెళ్లలేదు, విలుకాడి బొమ్మ ముట్టుకోలేదు.

లిసియా మొదటి నాణేలు క్రీ.పూ. 6వ శతాబ్దం చివరివి. ఒకవైపు అడవిపంది ముందు భాగం. రెండోవైపు బొమ్మే లేదు, సమ్మెట దెబ్బకు లోతుగా పడిన చదరపు గుంట మాత్రం ఉంటుంది. పేరు ఉండదు. కొన్నాళ్లకు అక్షరాలు మొదలయ్యాయి, అవి కూడా రెండు మూడే. వాటిలో ‘కుబ్’ అన్న ముక్కను 480లో లిసియా ఓడలకు నాయకత్వం వహించినట్టు హెరోడోటస్ చెప్పిన కిబెర్నిస్ పేరుతో పండితులు జతచేస్తారు. ఆ జత నిజమైతే ఆ వెండిలో కొంత ఆ ఏడే గ్రీకులతో జరిగిన సలామిస్ నౌకాయుద్ధానికి వెళ్లిన తెడ్లవాళ్ల చేతుల్లోంచి పోయి ఉంటుంది. ఈ ఊహ నాకు ఇష్టం, కానీ మూడక్షరాల మీద ఇంతకన్నా బరువు మోపకూడదు.

తర్వాత వచ్చిన పేరు కుప్ర్ల్లి. దాదాపు క్రీ.పూ. 480 నుంచి 440 దాకా. ఇతని నాణేలు కుప్పలుతెప్పలుగా దొరికాయి. డాల్ఫిన్లు, రెక్కలున్న జంతువులు, ఇలా బొమ్మలు మారిపోతూ ఉంటాయి. మారనిది వెనకవైపు గుర్తు: మధ్యలో చిన్న వలయం, దాని నుంచి ఒకే దిక్కుకు వంగి తిరుగుతున్న మూడు కొక్కేలు. దీన్ని ట్రిస్కెలిస్ అంటారు. సిసిలీ జెండా మీది మూడు కాళ్ల బొమ్మతో కలపొద్దు, ఇందులో కాళ్లూ పాదాలూ లేవు. కొన్నిటి మీద కొక్కేలు రెండే, కొన్నిటి మీద నాలుగు. సూర్యుడన్నారు, అపోలో గుర్తన్నారు, వంశచిహ్నం అన్నారు. ఇన్ని లోయల్లో, ఇంతమంది పేర్ల పక్కన ఒకే గుర్తు కనిపిస్తుంటే, దాన్ని ఏ ఒక్క ఇంటి ముద్రగానో కాక ‘ఇది మన వైపు వెండి’ అని చెప్పే ఉమ్మడి గుర్తుగా తీసుకోవడమే నాకు సబబుగా తోస్తుంది.

ఇక్కడ పర్షియా కథలోకి ఎథెన్స్ దూరుతుంది. 480లో జెర్క్సీస్ ఓడాక గ్రీకు నౌకాబలం తూర్పు మధ్యధరా అంతా తిరగసాగింది. క్రీ.పూ. 460ల్లో ఎథెన్స్ సేనాని కైమన్ లిసియా తీరాన్ని ఎథెన్స్ నడిపే డీలియన్ కూటమిలోకి లాగాడు. 446–445 నాటి ఎథెన్స్ కప్పం లెక్కల రాతిపలక మీద ‘లిసియన్లు, వారితో కలిసి కట్టేవారు’ అన్న పద్దు కింద 10 టాలెంట్లు ఉంది. పర్షియాకు కప్పం కట్టిన చేతులే ఇప్పుడు ఎథెన్స్‌కు కడుతున్నాయి. ఇంత మారినా లోయల్లో నాణేలు కొట్టడం ఆగలేదు, కుప్ర్ల్లి పేరు కూడా మారలేదు. పై యజమాని మారాడు, కింద దొర కొనసాగాడు. నాణేలను యజమానుల చరిత్రగా చదివేవాళ్లు ఇక్కడే తడబడతారు.

ఆ 10 టాలెంట్లను చిల్లరగా మారుస్తే 60,000 డ్రాక్మాలు, అంటే ఎథెన్స్ వెండి నాణేలు. స్టేటర్ అనే పెద్ద వెండి నాణెం పశ్చిమ లిసియాలో ఒక్కోటి సుమారు రెండు ఎథెన్స్ డ్రాక్మాల బరువు, అంటే ఎనిమిదిన్నర గ్రాముల దగ్గర. అలా చూస్తే ముప్పై వేల స్టేటర్లు. ఏటా అంత వెండి లోయ దాటి పోవాలంటే దాన్ని లెక్కపెట్టగలిగే ముక్కలుగా కొట్టుకోవడం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

తూకం మాట వచ్చింది కాబట్టి ఇంకో ముడి. లిసియాలో కొన్నాళ్లకు రెండు తూకాలు నడిచాయి. పడమట క్సాంథోస్ లోయలో ఇప్పుడు చెప్పిన తేలిక స్టేటర్. మధ్య, తూర్పు లిసియాలో పదికి కొంచెం తక్కువ గ్రాముల బరువు స్టేటర్. రెండోది ఎథెన్స్ తూకానికి కుదరదు, పర్షియా సిగ్లోస్‌ను రెట్టింపు చేస్తే వచ్చే పదకొండు గ్రాములకూ కుదరదు. పక్కనే ఉన్న పాంఫిలియాలో అస్పెండోస్, సిడె ఊళ్లు ఆ పదకొండు గ్రాముల తూకమే వాడేవి. అంటే పక్కపక్క ప్రాంతాల్లోనే మూడు తూకాలు. సంతలో త్రాసు పట్టుకున్నవాడికి పండగే. తేలిక తూకం ఎథెన్స్‌తో లావాదేవీల కోసం వచ్చిందన్న వాదన బలమైనదే. బరువు తూకం వెనక మాత్రం ఎవరి ఒత్తిడీ కనబడదు. అది ఆ లోయల పాత అలవాటులా ఉంది.

ఇంత వెండి ఎక్కడిది? లిసియాలో చెప్పుకోదగ్గ వెండి గనులు లేవు. వెండి బయటి నుంచే రావాలి. అది ఎలా వచ్చేదో 1984లో ఒక లంకెబిందె బయటపెట్టింది. లిసియా ఉత్తరాన ఎల్మలి పట్టణం దగ్గర మెటల్ డిటెక్టర్లతో తవ్వినవాళ్లకు దాదాపు 1,900 వెండి నాణేలు దొరికాయి. అందులో ఎథెన్స్ పది డ్రాక్మాల నాణేలు 14. అప్పటిదాకా ప్రపంచంలో తెలిసినవన్నీ కలిపినా ఇంచుమించు అంతే. ఉత్తర గ్రీసు గనుల ప్రాంతం నుంచి వచ్చిన పెద్ద పెద్ద వెండి నాణేలూ వాటి పక్కన ఉన్నాయి. లిసియా నాణేలైతే వందల్లో. పాతిపెట్టింది సుమారు క్రీ.పూ. 460ల్లో, అంటే కైమన్ వచ్చిపోయిన రోజుల్లోనే. ఆ కుప్పను దొంగచాటుగా టర్కీ దాటించి అమెరికాలో అమ్మేశారు. టర్కీ ప్రభుత్వం కోర్టులో ఏళ్ల తరబడి పోరాడి 1999లో వెనక్కి తెచ్చుకుంది. నాణేలు తిరిగొచ్చాయి సరే, అవి ఏ కుండలో, ఏ గోడ పక్కన, ఏ వరసలో ఉన్నాయో ఆ సమాచారం తిరిగి రాలేదు. దొంగతవ్వకంలో పోయేది ఎప్పుడూ అదే.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ముడి, పేర్లు. లిసియా నాణేల మీది పేర్లన్నీ వరసగా పెట్టి ‘లిసియా రాజుల వంశావళి’ రాయాలని మొదట్లో చాలామంది ఉబలాటపడ్డారు. అది కుదరదని నాణేలే చెబుతాయి. మొదటి సంగతి, చాలావాటి మీద పేరు పూర్తిగా ఉండదు, మొదటి రెండు మూడు అక్షరాలు ఉంటాయి. రెండో సంగతి, అన్నీ మనుషుల పేర్లు కావు. ‘అర్న్నహె’ అని ఉంటే అది దొర పేరు కాదు, ‘అర్న్నకు చెందినది’ అని అర్థం. ప్త్తర అంటే పతార, పినలె అంటే పినార, త్లవ అంటే ట్లోస్, జెమూరి అంటే లిమీరా. ఒక నాణెం మీద మనిషి పేరు, ఇంకోదాని మీద ఊరి పేరు, మరోదాని మీద రెండూ. మూడో సంగతి, ఒకే కాలంలో పక్కపక్క లోయల్లో వేర్వేరు పేర్లు నడిచాయి. కుప్ర్ల్లి నాణేలు తిరుగుతున్న రోజుల్లోనే తెత్తివెయిబి లాంటి వేరే పేర్లూ కనిపిస్తాయి.

1970ల్లో డెన్మార్క్ పండితులు మోర్ఖోమ్, జాలె కలిసి నాణేలు కొట్టిన అచ్చులను పోల్చడం మొదలుపెట్టాక ఈ గందరగోళం కొంత తేరుకుంది. నాణెం కొట్టేది రెండు అచ్చుల మధ్య. కింది అచ్చు దాగలిలో బిగించి ఉంటుంది, పైది చేత్తో పట్టి సమ్మెటతో కొడతారు. దెబ్బ నేరుగా పైదానికే తగులుతుంది కాబట్టి అది ముందు పగులుతుంది, దాని చోట కొత్తది వస్తుంది. ఆ కింది అచ్చు మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ముందువైపు బొమ్మ కింది అచ్చుది, వెనకవైపుది పై అచ్చుది. అందుకని ఒకే ముందువైపు బొమ్మ రెండు రకాల వెనకవైపులతో దొరికిందంటే ఆ రెండూ ఒకే టంకసాలలో, దగ్గర దగ్గర రోజుల్లో తయారయ్యాయని తేలుతుంది. ఒక పేరున్న వెనక అచ్చుకూ ఇంకో పేరున్న వెనక అచ్చుకూ ముందు బొమ్మ ఒకటే అయితే ఆ ఇద్దరూ శత్రువులై ఉండే అవకాశం తక్కువ. వారసులో, భాగస్వాములో, ఒకరి కింద ఇంకొకరో అయి ఉండాలి. ఒక్క రాజు, ఒక్క వరస అన్న బొమ్మ చెదిరిపోయి, దాని స్థానంలో మన పాత జమీందారీ ఇళ్ల లాంటి అల్లిక కనిపించింది: పెద్ద ఇల్లు ఒకటి, దాని చుట్టూ చుట్టాలూ పోటీదారులూ.

ఆ పెద్ద ఇంటి గురించి నాణేలు చెప్పలేనిది ఒక రాయి చెబుతుంది. క్సాంథోస్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్న ఒక సమాధి స్తంభానికి నాలుగు వైపులా రాతే. ఎక్కువ భాగం లిసియన్ భాష, కొంత దానికి దగ్గరి మిల్యన్ భాష, మధ్యలో 12 పాదాల గ్రీకు పద్యం. కాలం సుమారు క్రీ.పూ. 400. ఆ పద్యంలో సమాధి యజమాని తాను హర్పగస్ (పాత సేనాని కాదు, అదే పేరున్న ఇంకొకడు) కొడుకునని, ఒక్కరోజులో ఏడుగురు గ్రీసులోని ఆర్కేడియా సైనికులను చంపానని గొప్పలు చెప్పుకుంటాడు. అతను ఖెరిగ అన్నది ఎక్కువమంది అభిప్రాయం. లిసియన్ భాగం పూర్తిగా అర్థం కాకపోయినా పేర్లు మెరుస్తాయి. డేరియస్, అర్తజెర్క్సీస్ అన్న పర్షియా చక్రవర్తుల పేర్లు లిసియా ఉచ్చారణలో ఉన్నాయి. సత్రప్ టిస్సఫర్నిస్ అక్కడ ‘కిజ్జప్ర్‌న్న’ అయ్యాడు. క్రీ.పూ. 412లో టిస్సఫర్నిస్ పట్టించిన తిరుగుబాటుదారు అమోర్గెస్ ఉన్నాడు. మెలెసాండ్రోస్ అనే ఎథెన్స్ సేనాని కూడా ఉన్నాడు. ఇతని కథ గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ చెప్పాడు: క్రీ.పూ. 430–429 చలికాలంలో ఆరు ఓడలతో కప్పం వసూలుకు వచ్చి, తీరం వదిలి లోపలికి వెళ్లి, లిసియాలో ఓడి చనిపోయాడు. గ్రీకుల పుస్తకంలో కొద్ది వాక్యాల్లో ముగిసిన సంఘటన, లిసియన్ల రాతి మీద విజయగాథ.

అంటే 430 తర్వాత ఈ ఇల్లు ఎథెన్స్‌ను వదిలి పర్షియా వైపు తిరిగింది. మరి ఆ కాలంలోనే ఖెరిగ, ఖెరెయి నాణేల మీద ఎథీనా తల ఎందుకుంది? ఎథెన్స్ సేనానిని చంపిన ఇంటి నాణెం మీద ఎథెన్స్ దేవతా? రాజకీయంగా చూస్తే వెర్రిగా ఉంటుంది. సంతలో నిలబడి చూస్తే వెర్రి కాదు. అప్పటికి ఎథీనా బొమ్మ ఉన్న వెండి అంటే ఈజిప్టు నుంచి సిరియా దాకా కళ్లు మూసుకుని తీసుకునే వెండి. జీతానికి వచ్చిన గ్రీకు సైనికుడు ఖెరెయి ఎవరో ఎరగడు, ఎథీనాను ఎరుగును. ఒకవైపు సైనికుడికి నమ్మకం, రెండోవైపు దొరకు పేరు. ఎథీనా బొమ్మ చూసి ‘లిసియా ఎథెన్స్ కింద ఉంది’ అని రాసేవాళ్లు ఈ చిన్న విషయం మర్చిపోతారు.

టోపీ విషయంలోనూ ఇదే తప్పు జరుగుతుంది. పర్షియా టోపీ పెట్టుకున్నాడు కాబట్టి ఖెరెయి పర్షియన్ అనో, పర్షియా నియమించిన ఉద్యోగి అనో అనుకోవద్దు. పేరూ భాషా లిసియావే. అయితే టోపీ ఎలా పెట్టుకున్నాడన్నది గమనించాలి. పర్షియాలో కొన నిటారుగా నిలబెట్టి టోపీ పెట్టుకునే హక్కు చక్రవర్తికి ఒక్కడికే ఉండేది. ఈ మాట టిస్సఫర్నిస్ నోటే అన్నట్టు గ్రీకు రచయిత జెనొఫోన్ రాశాడు. ఖెరెయి టోపీ మెత్తగా తల మీద వాలి ఉంది. అంటే తన హద్దు తనకు తెలుసు. దొరనని చెప్పుకున్నాడు, చక్రవర్తినని చెప్పుకోలేదు. పైన ఊరుకున్నది ఎందుకో ఆ వాలిన టోపీలో కొంత కనిపిస్తుంది.

ఈ ముఖానికి ఇంకో విలువ ఉంది. గ్రీకు ఊళ్లు తమ నాణేల మీద దేవుళ్లనూ జంతువులనూ వేసేవి. బతికున్న మనిషి ముఖం వేయడం వాళ్లకు మర్యాద కాదు, ఊరి కన్నా తాను పెద్దవాణ్ణని అన్నట్టు. పర్షియా నాణెం మీది విలుకాడు రాజే, కానీ అది ఏ రాజు ముఖమూ కాదు, రాజరికపు గుర్తు. పేరు పెట్టి పిలవగల బతికున్న పాలకుడి ముఖం నాణెం మీదికి ఎక్కిన మొదటి చోట్లలో లిసియా ఒకటి. అలెగ్జాండర్ వారసులు తమ ముఖాలు వేసుకోవడానికి శతాబ్దం ముందు సంగతి ఇది.

ఖెరిగ కొడుకు ఎర్బ్బిన, గ్రీకులో ఆర్బినస్. క్సాంథోస్ దగ్గరి లెటూన్ ఆలయంలో దొరికిన గ్రీకు పద్యం ప్రకారం ఇతను ఒక్క నెలలో క్సాంథోస్, పినార, టెల్మెస్సోస్ పట్టుకున్నాడు. తండ్రి ఊరిని కొడుకు యుద్ధం చేసి పట్టుకోవాల్సి వచ్చిందంటే మధ్యలో ఆ ఇల్లు గట్టిగా దెబ్బతిన్నదనే కదా. ఇతని నాణేల మీద ఎథీనా వెనకవైపుకు గద పట్టిన హెరాక్లీస్ వచ్చాడు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఒక గది నిండా నిలబెట్టిన నెరీడ్ స్మారకం ఇతని సమాధే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఎర్బ్బిన తర్వాత పడమటి వెలుగు తగ్గింది. తూర్పున లిమీరా నుంచి పెరిక్లె లేచాడు, సుమారు క్రీ.పూ. 380 నుంచి 360 దాకా. ఎథెన్స్ నాయకుడు పెరిక్లీస్ పేరే లిసియా నోట ఇలా అయింది. ఇతనికి పోటీగా అర్త్తుంపర ఉన్నాడు, లిసియా శాసనంలో ఇతన్ని ‘మీడ్’ (ఇరాన్ వైపు ఒక జాతివాడు) అన్నారు. మిత్రపత ఉన్నాడు, ఈ పేరులో ఇరాన్ దేవుడు మిత్రుడే ఉన్నాడు. వీళ్లందరి వెండీ కలిసిన కుప్ప ఒకటి 1957లో పొడాలియా దగ్గర దొరికింది, కాబట్టి వీళ్లు ఒకే కాలం వాళ్లని గట్టిగా చెప్పొచ్చు. అర్త్తుంపరను పెరిక్లె ఓడించిన సంగతి లిమీరాలోని ఒక సమాధి మీద చెక్కి ఉంది.

పెరిక్లె స్టేటర్ చూస్తే ఖెరెయి నాణెం పక్కన పెట్టాలనిపిస్తుంది. ఈసారి ముఖం పక్కకు తిరిగి లేదు, దాదాపు మన వైపే చూస్తోంది. గుబురు జుట్టు, గడ్డం, నుదుటి మీద ముడతలు. టోపీ లేదు. నాణెం కొట్టేవాడికి ఎదురుగా చూసే ముఖం పెద్ద తలనొప్పి. ముక్కు ఎత్తుగా వస్తుంది, చేతులు మారేకొద్దీ మొదట అరిగేది అదే. అయినా వేయించాడు. వెనక శిరస్త్రాణం పెట్టి కత్తి దూసిన యోధుడు, పక్కన మామూలు ట్రిస్కెలిస్. చిల్లర వ్యాపారానికి చిన్న కంచు నాణేలూ ఇతని పేరుతో వచ్చాయి. లిమీరాలో ఒక గ్రీకు శాసనం ఇతన్ని లిసియా రాజు అంటుంది. ఇంతకు ముందు ఏ దొరా అంత మాట అనుకున్నట్టు లేదు.

ఇక్కడ హద్దు దాటింది. పెరిక్లె టెల్మెస్సోస్‌ను ముట్టడించాడు. క్రీ.పూ. 360ల్లో పశ్చిమ సత్రప్‌లు చక్రవర్తి మీద తిరగబడినప్పుడు ఆ జాబితాలో లిసియన్లూ ఉన్నారు. తిరుగుబాటు చల్లబడ్డాక లిసియా పక్కనే ఉన్న కేరియా పాలకుడు మౌసోలస్ చేతికి వెళ్లింది. సుమారు 360 తర్వాత లిసియా దొరల నాణేలు కనిపించవు. నూటయాభై ఏళ్లు ఎవరూ ఆపని పని ఆగిపోయింది. మొదట్లో అనుకున్న లెక్క తిప్పి చూస్తే ఇది సరిపోతుంది. నాణెం కొట్టడం నేరం కాదు. నాణేలతో సైన్యం కట్టి సత్రప్ ఊరి మీదికి వెళ్లడం నేరం. సైన్యం పోయాక దానికి జీతం ఇచ్చే వెండి కొట్టాల్సిన పనీ లేదు.

1973లో లెటూన్‌లో మూడు భాషల రాయి దొరికింది. ఒక ముఖాన లిసియన్, ఒక ముఖాన గ్రీకు, మధ్యన సామ్రాజ్యపు దఫ్తరు భాష అరామిక్. క్సాంథోస్ ఊరివాళ్లు ఒక దేవుడికి కొత్తగా బలిపీఠం కట్టి, పూజారిని పెట్టి, నెలకో గొర్రె ఏడాదికో ఎద్దు బలి ఇవ్వాలని తీర్మానించారు. కేరియా సత్రప్ పిక్సొడారస్ సంతకం లాంటి హామీతో ఆ తీర్మానం నిలబడింది. ఊరు ఉంది, భాష ఉంది, బలికి గొర్రెలు ఉన్నాయి, దొర లేడు. పిక్సొడారస్ తన నాణేలు తన పేరుతో, గ్రీకు అక్షరాల్లో కొట్టించుకున్నాడు. తర్వాత రెండు వందల ఏళ్లకు లిసియా ఊళ్లు ఒక సమాఖ్యగా కలిసి మళ్లీ వెండి కొట్టాయి. అపోలో తల, వెనక వీణ. పైన ‘లిసియన్లది’ అని రాసుకున్నారు, అది కూడా గ్రీకులోనే.